డిస్క్ గోల్ఫ్ కోర్సు మొత్తం మీ ఒక్కరికే దొరికిన ఉదయం: ఏర్పాటు, ఆట, ఆనందం

జూన్ నెలలో ఒక మంగళవారం ఉదయం ఆరుంబావుకు అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో షార్లెట్ నగర శివారులోని ఒక పార్కులో కారు ఆపినప్పుడు ఆ పార్కింగ్ స్థలంలో నా కారు తప్ప మరొకటి లేదు. మొదటి టీ, అంటే మొదటి విసురు విసిరే పలక, వద్దకు నడిచేసరికి గడ్డి మీద మంచు చెక్కుచెదరకుండా ఉంది. ఎవరి అడుగుజాడా దాని మీద పడలేదు. రెండో హోల్ దగ్గర రెండు చెట్ల నడుమ అల్లిన సాలెగూడు ముఖానికి తగిలినప్పుడు, ఆ రోజు ఆ దారిన నాకంటే ముందు ఎవరూ నడవలేదని రూఢి అయింది. పద్దెనిమిది బాస్కెట్లు, వాటి మధ్యనున్న ఓక్, పైన్, స్వీట్‌గమ్ చెట్లు, ఒక చిన్న వాగు, ఎర్రమట్టి బాట, అన్నీ ఆ గంటన్నర సేపు నా ఒక్కడివే అయ్యాయి. తడిసిన సాలెపోగును ముఖం మీద నుంచి తుడుచుకుంటూ నేను పొందిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇటువంటి ఉదయాన్ని అదృష్టానికి వదిలేయనక్కరలేదని, కొంచెం ముందుచూపు ఉంటే నెలకు రెండు మూడు సార్లయినా ఏర్పాటు చేసుకోవచ్చునని ఈ ఆట ఆడిన ఏడేళ్లలో నేర్చుకున్నాను. అంతకంటే ముఖ్యంగా, ఖాళీ కోర్సు దొరికినప్పుడు కూడా నలుగురితో ఆడే ఆటనే ఆడితే ఆ ఏకాంతం సగం వృథా అవుతుందని, దానికి వేరే నడక, వేరే లెక్క కావాలని తెలిసింది. అమెరికాలో ఉంటూ ఈ ఆటను కొత్తగా మొదలుపెట్టిన తెలుగువారికి, వారాంతాల్లో మిత్రులతో ఆడుతూ ఒంటరిగా వెళ్ళడానికి సంకోచిస్తున్నవారికి ఉపయోగపడుతుందని ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. డిస్క్ గోల్ఫ్‌లో బంతికి బదులు ఫ్రిస్బీ కంటే కొంచెం చిన్నదిగా, బరువుగా, అంచు పదునుగా ఉండే ప్లాస్టిక్ డిస్క్‌ను విసురుతారు. టీ అనే సిమెంటు పలక మీద నుంచి మొదటి విసురు విసిరి, అది పడిన చోటి నుంచి తరువాతి విసురు విసురుతూ, చివరకు గొలుసులు వేలాడే ఇనుప బాస్కెట్‌లో పడేలా చేయాలి. ఎంత తక్కువ విసుర్లలో పడితే అంత మంచిది. నేలలో గుంట ఏదీ లేకపోయినా గోల్ఫ్ నుంచి వచ్చిన అలవాటు వల్ల ఒక్కొక్క బాస్కెట్‌కు వెళ్ళే మార్గాన్ని హోల్ అనే అంటారు. మొదటి రోజుల్లో ఆటగాళ్ళు చెట్లను, స్తంభాలను, చెత్తడబ్బాలను గురిగా పెట్టుకునేవారు. ఈ ఆట కోసమే రూపొందిన మొదటి శాశ్వత కోర్సును ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఏర్పాటు చేశారు. గొలుసుల బాస్కెట్ కూడా ఆయన ఆలోచనే. దానికి 1977లో పేటెంట్ లభించింది. కోర్సులు ఎక్కువగా ప్రభుత్వ పార్కుల్లో ఉండడం వల్ల చాలాచోట్ల రుసుము ఉండదు, ముందుగా సమయం కేటాయించుకోవలసిన పని కూడా ఉండదు. ఎవరైనా ఎప్పుడైనా రావచ్చునన్న ఈ సౌకర్యమే సాయంత్రాల్లో రద్దీకి కారణం, తెల్లవారుజామున ఏకాంతానికీ అదే కారణం.

సమయం ఎంచుకోవడం

వారపు రోజుల్లో సూర్యోదయ సమయమే అన్నిటికంటే నమ్మదగినది. షార్లెట్‌లో జూన్ నెలలో సూర్యుడు ఆరు దాటిన పది నిమిషాలకు ఉదయిస్తాడు; డిసెంబరు చివర ఏడున్నర అవుతుంది. అందువల్ల ఉద్యోగం చేసేవారికి వేసవి అనుకూలం: ఆరుంబావుకు మొదటి డిస్క్ విసిరితే ఎనిమిదింటికల్లా ఇంటికి చేరి తొమ్మిది గంటల మీటింగుకు కూర్చోవచ్చు. నలుగురు కలిసి ఆడితే రెండు గంటలకు పైగా పట్టే పద్దెనిమిది హోళ్ళు, ఒక్కరే నడిస్తే గంటా గంటంబావులో అయిపోతాయి. ఆ మిగిలిన సమయాన్ని ఎలా ఖర్చు చేయాలన్నదే ఈ వ్యాసంలో అసలు విషయం.

వేసవి సాయంత్రాల్లో లీగ్ ఆటలు, శని ఆదివారాల ఉదయాల్లో టోర్నమెంట్లు జరుగుతుంటాయి కాబట్టి డిస్క్ గోల్ఫ్ కోర్సుల వివరాలు చూపే యూడిస్క్ యాప్‌లోనో, కోర్సు దగ్గరి నోటీసు బోర్డు మీదనో ముందు రోజే చూసుకోవాలి. సన్నని జల్లు కురిసి ఆగిన ఉదయాలు నాకు ప్రత్యేకంగా ఇష్టం. వర్షమని చెప్పి చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. ఆకుల నుంచి చినుకులు రాలుతుంటాయి. ఎర్రమట్టి వాసన వస్తుంది. అయితే ఉరుము వినబడితే ఆ క్షణమే సంచీ సర్దుకొని కారులోకి వెళ్ళిపోవాలి. ఎత్తైన చెట్ల మధ్య చేతిలో తడి డిస్క్ పట్టుకొని ఇంకొక్క హోల్ అనుకోవడం తగని పని. జులై మధ్యాహ్నాల్లో కూడా కోర్సు ఖాళీగానే ఉంటుంది కానీ ఆ ఉక్కలో ఒంటరిగా నడవడం సుఖమూ కాదు, క్షేమమూ కాదు.

జనవరి సంగతి వేరుగా చెప్పాలి. ఆకులన్నీ రాలిపోయిన తరువాత కోర్సు తన ఎముకల గూడు చూపిస్తుంది. వేసవిలో పచ్చని గోడలా కనిపించిన చోట ఇప్పుడు పక్క హోల్ బాస్కెట్ కనిపిస్తుంది, వాగు ఎక్కడ మలుపు తిరిగిందో కనిపిస్తుంది, కోర్సును రూపొందించినవారు ఆ పెద్ద ఓక్ చెట్టును దారికి అడ్డంగా ఎందుకు ఉంచారో అర్థమవుతుంది. చలిలో ప్లాస్టిక్ గట్టిపడి పట్టు జారుతుంది. చల్లని గాలి చిక్కగా ఉండడం వల్ల డిస్క్ అంత దూరం పోదు. ఆ రెండింటికీ సిద్ధపడి వెళితే, చలికాలపు పనిరోజున రోజంతా కూడా మరో మనిషి కనబడకపోవచ్చు.

మొదటిసారి ఒంటరిగా వెళ్ళేటప్పుడు మీరు ఇంతకుముందు మిత్రులతో ఆడిన కోర్సునే ఎంచుకోండి. కొత్త కోర్సులో తరువాతి టీ ఎక్కడుందో వెతుక్కోవడంతోనే మనసు నిండిపోతుంది. తెలిసిన కోర్సులో మాత్రమే, ఇంతకాలం మాటల్లో పడి చూడకుండా దాటిపోయినవి కనిపిస్తాయి.

సంచీలో ఏముండాలి

పాతిక డిస్కులు పట్టే సంచీని ఇంట్లో వదిలేయండి. ఒంటరి ఉదయానికి నాలుగు డిస్కులు చాలు: బాస్కెట్ దగ్గర వాడే నిదానమైన పటర్లు ఒకే రకానివి రెండు, మధ్య దూరానికి ఒక మిడ్‌రేంజ్, ఇంకా దూరానికి ఒక ఫెయిర్‌వే డ్రైవర్. డిస్క్ మీద ముద్రించిన నాలుగు అంకెలు దాని స్వభావాన్ని చెబుతాయి. మొదటిది వేగం, రెండోది గాలిలో తేలే గుణం, మూడోది వేగంగా ఉన్నప్పుడు ఒరిగే గుణం, నాలుగోది వేగం తగ్గాక తిరిగే గుణం. ఉదాహరణకు ఇన్నోవా వారి లెపర్డ్ డిస్క్ మీద 6, 5, -2, 1 అని ఉంటుంది; అంటే కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి, విసిరితే అది మొదట కుడికి ఒరిగి, చాలాసేపు తేలి, చివర కొద్దిగా మాత్రమే ఎడమకు తిరుగుతుందన్నమాట. 12, 13 వేగం గల డ్రైవర్లకు చాలా చేతిబలం కావాలి. ఆ బలం లేకుండా విసిరితే అవి తిన్నగా ఎడమకు తిరిగి పడిపోతాయి, చూడడానికి ఏమీ మిగలదు. ఒంటరిగా ఉన్నప్పుడు మనం వెళ్ళేది డిస్క్ ఎగరడం చూడడానికే కాబట్టి నిదానమైన డిస్కులే ఎక్కువ సుఖాన్నిస్తాయి.

రంగు విషయంలో జాగ్రత్త అవసరం. విసిరిన డిస్క్ ఎక్కడ పడిందో చూసే రెండో జత కళ్ళు మీ వెంట ఉండవు. పచ్చగడ్డిలో నారింజ రంగు దివ్యంగా కనిపిస్తుంది కానీ, నవంబరులో రాలిన ఆకుల మీద నారింజ, ఎరుపు, పసుపు మూడూ మాయమవుతాయి. అప్పుడు ముదురు గులాబీ, లేత నీలం మేలు. ప్రతి డిస్క్ అడుగున చెరగని ఇంకుతో మీ ఫోన్ నంబరు రాసుకోండి. పోయిన డిస్క్ దొరికినవారు సందేశం పంపడం ఈ ఆటగాళ్ళలో ఉన్న మంచి ఆచారం. రెండేళ్ల తరువాత నా పాత పటర్ ఒకటి అలాగే తిరిగి వచ్చింది.

మంచు తడికి డిస్క్ వేళ్ళ నుంచి జారుతుంది కాబట్టి రెండు తువాళ్ళు కావాలి, ఒకటి తడిని పీల్చడానికి, రెండోది పొడి చేయడానికి. మంచినీళ్ళు, ఫోన్, అడుగు పట్టున్న బూట్లు, పొడుగు సాక్సులు, పురుగులను దూరంగా ఉంచే మందు మరువకూడదు. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు మాత్రం కారులోనే వదలండి. మొదటి ఏడాది నేను పాటలు వింటూ ఆడేవాణ్ణి; ఒక రోజు వాటి ఛార్జింగ్ అయిపోయి, నా డిస్క్ గాలిని కోసుకుంటూ పోయే సన్నని ఈల మొదటిసారి విన్నాను. ఆ తరువాత వాటిని మళ్ళీ కోర్సుకు తీసుకువెళ్ళలేదు.

మొదటి టీ మీద

టీ మీదకు ఎక్కగానే విసరకండి. నలుగురిలో ఉన్నప్పుడు మీ వంతు వచ్చాక 30 సెకన్లలో విసరాలన్న నియమం ఉంది. బాస్కెట్‌కు అందరికంటే దూరంగా ఉన్నవారు ముందు విసరాలన్న క్రమం ఉంది. ఎవరి డిస్క్ ఎటు పోయిందో అందరూ చూడాలన్న మర్యాద ఉంది. ఇవన్నీ మంచి నియమాలే, ఆ సాంగత్యంలోనే నేను ఆట నేర్చుకున్నాను. కానీ వాటి వల్ల మన ధ్యాస ఎప్పుడూ తరువాతి పని మీద ఉంటుంది. ఇప్పుడు మీ వెనుక ఎవరూ నిలబడి లేరు. ఒక నిమిషం పాటు ఫెయిర్‌వేను, అంటే టీ నుంచి బాస్కెట్ దాకా ఉన్న దారిని, చూడండి. గాలి ఎటు వీస్తోందో చెట్ల చివరి కొమ్మల్లో చూడండి. ఎదురుగాలి డిస్క్‌ను ఇంకా ఎక్కువగా ఒరిగేలా చేస్తుందని, వెనుకగాలి దానిని త్వరగా కిందికి దించి ఎడమకు తిప్పుతుందని గుర్తుంచుకోండి. సిమెంటు పలక తడిగా ఉంటే పరుగు తీయకుండా నిలబడిన చోటు నుంచే విసరండి. జారిపడితే లేపడానికి పక్కన ఎవరూ ఉండరు.

ఆ తరువాత మీ బలంలో సగమే ఉపయోగించి, పటర్‌తో, తిన్నగా విసిరి, అది నేలకు తాకి పూర్తిగా ఆగేదాకా చూడండి. నా దృష్టిలో ఒంటరి ఆటలోని సుఖమంతా ఈ చూడడంలోనే ఉంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరిన డిస్క్ పైనుంచి చూస్తే గడియారం ముళ్ళు తిరిగే దిశలో తిరుగుతుంది. వేగంగా పోతున్నప్పుడు గాలి దాని వెనుక భాగాన్ని కొంచెం ఎత్తడానికి, నిదానించి దిగుతున్నప్పుడు ముందు భాగాన్ని ఎత్తడానికి ప్రయత్నిస్తుంది. తిరుగుతున్న వస్తువు మీద పడిన ఒత్తిడి ఫలితం పడిన చోట కాక పక్కన కనిపిస్తుంది. ఒరిగిన బొంగరం కిందపడకుండా చుట్టూ తిరగడం మనం చిన్నప్పుడు చూసిందే. అందుకే ముందు భాగం లేవవలసిన డిస్క్ ఎడమకు వంగుతుంది. కుడికి కొద్దిగా ఒరిగి, ఒక్క క్షణం ఎటూ తేల్చుకోనట్టు గాలిలో నిలిచి, ఆపై ఎడమకు దిగే ఆ గీతను ఒకసారి పూర్తిగా చూసినవారికి, డిస్క్ బాస్కెట్‌కు ఎంత దూరంలో పడిందన్నది కొంతసేపు గుర్తుకు రాదు.

ఇప్పుడు రెండో పటర్‌ను కూడా అక్కడి నుంచే విసరండి. ఈసారి శరీరానికి దూరంగా ఉన్న అంచును కొద్దిగా కిందికి వంచి విసరండి. దానిని హైజర్ అంటారు. ఒకే రకం డిస్క్, ఒకే చోటు, ఒకే గాలి, కేవలం ఒక అంచు వంపు మారినందుకు దారి ఎంత మారిందో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. నలుగురిలో ఇలా రెండేసి డిస్కులు విసురుతూ కూర్చుంటే తక్కినవారి సమయాన్ని తీసుకున్నట్టవుతుంది; ఖాళీ కోర్సులో ఒక్క టీ మీదనే పావుగంట గడిపినా ఎవరికీ నష్టం లేదు. పద్దెనిమిది హోళ్ళూ పూర్తి చేయాలన్న నియమం కూడా లేదు. ఒక శుక్రవారం నేను ఐదు హోళ్ళే ఆడాను. ఆ ఏడాది మొత్తంలో నేను మరచిపోలేని ఆటల్లో అదొకటి.

అరచేయి ముందుకు ఉండేలా పక్క నుంచి విసిరే ఫోర్‌హ్యాండ్ విసురు నేర్చుకోవడానికి కూడా ఇదే తగిన సమయం, ఎందుకంటే నేర్చుకునే రోజుల్లో డిస్క్ ఎటు పోతుందో విసిరేవారికే తెలియదు, అటువైపు మనుషులు లేకపోవడం అవసరం. తెలుగు పల్లెల్లో పెరిగినవారికి ఈ విసురు కొత్తది కాదని చెప్పడానికి నాకు ఎంతో సంతోషం. చెరువు గట్టున నిలబడి, చిల్లపెంకును బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టి, మోచేతిని పక్కకు ఆనించి, మణికట్టును కొరడాలా విదిలించి నీటి మీద కప్పగంతులు వేయించిన చెయ్యి ఇదే. గుంటూరు జిల్లాలోని మా ఊరి చెరువు మీద ఏడెనిమిది గంతులు వేయించిన ఆ విదిలింపును, ముప్ఫై ఏళ్ల తరువాత ఉత్తర కరోలినా అడవిలో, చూసేవారెవరూ లేని ఒక ఉదయాన మళ్ళీ చేసినప్పుడు చెయ్యి దానంతట అదే దారి గుర్తుపట్టింది. ఎవరైనా చూస్తూ ఉంటే నేను ఇక్కడి ఆటగాళ్ళు నేర్పినట్టుగానే విసరడానికి ప్రయత్నించి తప్పు చేసి ఉండేవాణ్ణి.

గొలుసుల దగ్గర

బాస్కెట్ చుట్టూ 10 మీటర్ల దూరాన్ని సర్కిల్ అంటారు. ఆ వలయం లోపలి నుంచి విసిరినప్పుడు, విసిరాక ముందుకు తూలిపోకుండా నిలదొక్కుకున్నాకే అడుగు ముందుకు వేయాలి. ఒంటరిగా ఉన్నప్పుడు తప్పు పట్టేవారు లేకపోయినా ఈ నియమాన్ని వదలవద్దని నా సలహా. శరీరం నిలకడగా ఉంటేనే డిస్క్ తిన్నగా పోతుంది. మూడు మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, రెండు పటర్లూ పడిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేస్తూ, ఒకటి తప్పితే ఒక అడుగు ముందుకు వస్తూ పది నిమిషాలు ఆడి చూడండి.

నిశ్శబ్దంలో గొలుసుల చప్పుడు గురించి వేరుగా చెప్పకుండా ఉండలేను. మధ్యలో తగిలిన డిస్క్‌కు గొలుసులన్నీ ఒకేసారి గలగలమని మోగి, ఆ వెంటనే డిస్క్ అడుగు బుట్టలో పడిన మెత్తని చప్పుడు వినిపిస్తుంది. అంచు గొలుసుకు తగిలితే ఒక్క తీగ మీటినట్టు పలచగా మోగుతుంది, చాలాసార్లు డిస్క్ బయటికి వచ్చేస్తుంది. పై పట్టీకి తగిలితే రేకు మీద కొట్టినట్టుంటుంది. రాత్రి వాన పడితే గొలుసుల నుంచి నీటి తుంపర లేస్తుంది. ఎండ వాలుగా పడుతున్న వేళ అయితే ఆ తుంపర ఒక్క క్షణం మెరుస్తుంది. నలుగురి మాటల మధ్య ఈ తేడాలు వినబడవు. కొన్నాళ్ళు విన్నాక, కళ్ళు మూసుకున్నా డిస్క్ ఎక్కడ తగిలిందో చెప్పగలుగుతారు. ఈ చప్పుడును లోకానికి ఇచ్చిన హెడ్రిక్ 2002లో మరణించినప్పుడు, ఆయన కోరిక ప్రకారం ఆయన చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులుగా పోశారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి, తెల్లవారి మొదటి గొలుసు మోగినప్పుడు ఆయన నాకు తలపుకు వస్తారు.

ఒక్కరే ఆడదగిన ఆటలు

విసుర్ల లెక్క రాసుకోవడం మానేయమని చెప్పను గానీ, మొదటి మూడు నాలుగు సార్లు మానేస్తే మంచిది. తరువాత కొంత పట్టుదల కావాలనిపిస్తే ప్రతి చోటి నుంచి రెండు డిస్కులు విసిరి, వాటిలో హీనంగా పడిన దాని దగ్గరి నుంచే తరువాతి రెండూ విసురుతూ వెళ్ళండి. ఇది చాలా కఠినమైన ఆట. బాస్కెట్‌లో కూడా రెండూ పడేదాకా హోల్ పూర్తికాదు. మంచిగా పడిన దాని దగ్గరి నుంచి ఆడితే అదే ఆట ఎంతో ఉదారంగా మారుతుంది. రోజంతా ఎలా ఉండబోతోందో చూసుకొని రెండింటిలో ఒకటి ఎంచుకోండి.

ఒక్క డిస్క్‌తో కోర్సంతా ఆడడం నాకు ఇష్టమైన మరో పద్ధతి. మిడ్‌రేంజ్ ఒకటి చేతబట్టుకొని, సంచీ కూడా లేకుండా నడిస్తే, దానితోనే దూరం విసరాలి, దానితోనే చెట్ల సందుల్లోంచి వంచాలి, దానితోనే గొలుసులకు కొట్టాలి. డిస్క్‌ను మార్చే వీలు లేనప్పుడు చేతిని మార్చక తప్పదు.

కానీ నిజంగా ఖాళీ కోర్సు మాత్రమే ఇవ్వగలిగిన కానుక సఫారీ ఆట. అంటే బోర్డు మీది క్రమాన్ని పక్కనబెట్టి, మూడో టీ నుంచి ఏడో బాస్కెట్‌కు, ఏడో బాస్కెట్ పక్క నుంచి వాగు మీదుగా పన్నెండో బాస్కెట్‌కు, ఇలా మీరే కొత్త దారులు కల్పించుకోవడం. మనుషులున్నప్పుడు ఇది ప్రమాదకరం, అమర్యాద కూడా. అందుకే రెండు ఫెయిర్‌వేలు పూర్తిగా కనిపిస్తూ, ఆ మధ్యలో నడక బాట లేనప్పుడే ఆడాలి. రెండు కొండమలుపుల మధ్య ఎవరూ ఎన్నడూ విసిరి ఉండరనిపించే ఒక సందును కనిపెట్టి, దానిలోంచి డిస్క్ దూరి అవతలి వెలుతురులోకి వెళ్ళడం చూసిన రోజున, ఆ స్థలంతో మీ సంబంధమే మారిపోతుంది. అదే పార్కులో పదేళ్లు ఆడినా కోర్సు అయిపోదని నాకు అర్థమైనది ఈ సఫారీ వల్లనే.

డిస్క్‌ను, ఒంటిని కాపాడుకోవడం

పోయిన డిస్క్ కోసం మూడు నిమిషాలు వెతకవచ్చునని పోటీ నియమం. ఒంటరిగా ఉన్నప్పుడు పది నిమిషాలు పెట్టుకోండి, అంతకు మించితే ఉదయం చేదవుతుంది. అసలు పోకుండా చూసుకునే ఉపాయం విసిరిన క్షణంలోనే ఉంది: డిస్క్ కనుమరుగైన చోట ఒక గుర్తును, అంటే వంకర చెట్టునో, విరిగిన కొమ్మనో పట్టుకొని, చూపు మరల్చకుండా ఆ గుర్తు దాకా నడవాలి. అక్కడ దొరకకపోతే వెనక్కి తిరిగి టీ వైపు చూడండి. మీరు అనుకున్న గీత కంటే ఎంత పక్కకు వచ్చారో అప్పుడు తెలుస్తుంది. డిస్కులు మనం అనుకున్నదానికంటే ముందే పడి ఉంటాయన్నది నా అనుభవం, కాబట్టి ముందుకు కాక వెనక్కి వెతకండి.

ఈ ప్రాంతపు అడవుల్లో కాపర్‌హెడ్ అనే విషసర్పం ఉంటుంది. దాని చర్మం రాలిన ఆకుల రంగులోనే ఉంటుంది. ఆకుల గుట్టలోకి, దుంగ కిందికి చెయ్యి పెట్టకండి. కర్రతో కదిలించి చూశాకే వంగండి. మూడేసి ఆకులతో పాకే పాయిజన్ ఐవీ మొక్క తగిలితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి, దానిలో పడిన డిస్క్‌ను కర్రతో లాగి కడగాలి. పొడుగు గడ్డిలోంచి పిడుదులు కాళ్ళకు పడతాయి కాబట్టి ఇంటికి వెళ్ళగానే మోకాళ్ళ వెనుక, నడుము దగ్గర చూసుకోవడం తప్పనిసరి. ఏ కోర్సుకు వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరండి. మా ఇంట్లో నేను మొదటి టీ దగ్గర, చివరి బాస్కెట్ దగ్గర ఒక్కొక్క సందేశం పంపుతాను. దాని వల్ల నా ఏకాంతానికి ఏ లోటూ రాలేదు, ఇంట్లోవారికి నిశ్చింత కలిగింది.

కోర్సు ఖాళీ అయినా పార్కు ఖాళీ కాకపోవచ్చునని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. కుక్కను తీసుకొని నడిచేవారు, పరుగెత్తేవారు మలుపు వెనుక నుంచి వస్తారు. 175 గ్రాముల గట్టి ప్లాస్టిక్ వేగంగా వచ్చి తగిలితే గాయమవుతుంది. బాస్కెట్ కనబడని హోల్‌లో ముందు నడిచి వెళ్ళి చూసి, తిరిగి వచ్చి విసరండి. డిస్క్ ఎవరి వైపైనా పోతే, జాగ్రత్త అని హెచ్చరించే గోల్ఫ్ మాట ‘ఫోర్’ అని గట్టిగా అరవండి. ఎవరైనా దాటుతుంటే ఆగి, చెయ్యి ఊపి, వారు దూరమయ్యాకే విసరండి. ఆ పార్కు మనకెంత సొంతమో వారికీ అంతే సొంతం.

మరొకరు వచ్చినప్పుడు

ఎనిమిది దాటేసరికి పార్కింగ్‌లో కారు తలుపు వేసిన చప్పుడు వినిపిస్తుంది. సఫారీ ఆడుతుంటే వెంటనే ఆపి మామూలు క్రమంలోకి రండి. మీరు రెండేసి డిస్కులు విసురుతూ నిదానంగా వెళుతుంటే, వచ్చినవారిని ముందుకు వెళ్ళమని పిలవండి. వారు కూడా ఒంటరిగా వచ్చినవారైతే పలకరించి పంపించడం మేలు. కలిసి ఆడదామని వెంటనే అడగకండి, వారు కూడా మీలాగే ఈ ఉదయం కోసమే త్వరగా నిద్ర లేచి ఉండవచ్చు. వారు అడిగితే మాత్రం సంతోషంగా కలవండి. తొమ్మిదో హోల్ టీ పలక జారుతోందనో, పద్నాలుగో హోల్ మీద చెట్టు విరిగి పడిందనో, వాగులో నీరు పెరిగిందనో తెల్లవారుజామున మీరు చూసినది చెబితే వారికి పనికివస్తుంది. దారిలో ఇతరుల డిస్క్ దొరికి ఉంటే అడుగున ఉన్న నంబరుకు అక్కడి నుంచే సందేశం పంపండి, ఎవరైనా వదిలిన నీళ్ళ సీసా కనిపిస్తే చెత్తడబ్బాలో వేయండి.

కారు దగ్గర డిస్కులను ఒక్కొక్కటిగా తుడిచి, అంచుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టిని గోటితో తీసేయండి; ఎండిపోతే అది సులభంగా రాదు. తడి తువాళ్ళను సంచీలోనే వదిలేస్తే సాయంత్రానికి వాసన పడతాయి కాబట్టి ఇంటికి చేరగానే ఆరవేయండి. వేసవిలో డిస్కులను కారులోనే ఉంచకండి, ఆ వేడికి ప్లాస్టిక్ వంగి, రేపటి విసురులో అవి మీకు తెలిసిన డిస్కులుగా ఉండవు.